చెలమ నుంచి ఫిల్టర్ బెడ్ దాకా: పొరల వడపోతలో ధార, తేట

మురికి నీటిని రేణువుల పొరల గుండా పంపి, మురికిని ఆ పొరల్లోనే ఆపేసి, నీటిని మాత్రం బయటికి తీసుకోవడమే వడపోత. రేణువులు సన్నవైతే నీరు తేటగా వస్తుంది గాని ధార సన్నబడుతుంది. దొడ్డవైతే ధార బాగానే ఉంటుంది గాని దాంతోపాటు మడ్డి కూడా దిగుతుంది. ఒకే రకం ఇసుకతో ఈ చిక్కు తీరదు. అందుకే పొరలు అవసరమయ్యాయి. ఏ పొర ఎంత మందం ఉండాలి, ఏది పైన ఉండాలి, ఏది కింద ఉండాలి అన్న లెక్క కుదిరితే ధారా నిలుస్తుంది, తేటా నిలుస్తుంది. కుదరకపోతే ఎంత ఖరీదు పెట్టి కట్టిన ఫిల్టరైనా వారం తిరక్కుండానే మూసుకుపోతుంది, లేదా మూసుకుపోకుండా మురికినే వదులుతుంది.

ఈ లెక్కను చిత్తూరు సీమ జనం పుస్తకాలకంటే ముందే ఏటి ఇసుకలో చూశారు. పాకాల ప్రాంతపు కొండల్లో పుట్టి చంద్రగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి మీదుగా సాగి బంగాళాఖాతంలో కలిసే స్వర్ణముఖి, ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండిన ఇసుకమేటలాగే కనబడుతుంది. ఆ ఇసుక కింద మాత్రం నీరు నడుస్తూనే ఉంటుంది. ఇసుకను చేతులతో తోడి మోకాటిలోతు గుంట చేస్తే అది చెలమ. మొదట ఊరే నీరు మడ్డిగా ఉంటుంది. దాన్ని చిప్పతో తోడి పక్కన పోస్తారు. కాసేపు ఆగితే గుంట అడుగు నుంచీ, పక్కల నుంచీ అద్దంలాంటి నీరు ఊరుతుంది. చిప్పను నిదానంగా ముంచి బిందె నింపుకోవాలి. తొందరపడి గబగబా తోడితే గుంట గోడల్లోంచి నీరు వేగంగా దూసుకొచ్చి, రేణువుల మధ్య ఒదిగి ఉన్న సన్నమట్టిని ఊడదీసుకొస్తుంది. తేటనీరు మళ్ళీ మడ్డి అవుతుంది. వేగానికీ తేటకూ మధ్య ఉన్న బేరం మొత్తం ఆ గుంటలోనే కనబడుతుంది. ఈ ఇసుక ఊటనే కాలువలుగా తవ్వి పొలాలకు మళ్ళించుకున్నారు. వాటినే ఊటకాలువలు అన్నారు. నది ఇసుకలో ఊటబావులు దించి ఊళ్ళకు నీరు తోడడం కూడా అదే సూత్రం మీద నడిచింది.

ఇసుక మురికిని ఎలా ఆపుతుంది

జల్లెడ పిండిని జల్లించినట్టు ఇసుక నీటిని జల్లిస్తుందని చాలామంది అనుకుంటారు. కొలిచి చూస్తే ఆ ఊహ నిలవదు. అర మిల్లీమీటరు ఇసుక రేణువుల మధ్య ఉండే సందు సుమారు 70 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పద్నాలుగో వంతు. సూక్ష్మజీవి కొలత ఒక మైక్రాన్ దరిదాపుల్లో ఉంటుంది. బంకమట్టి రేణువు అంతకంటే చిన్నది కూడా కావచ్చు. సందు 70 రెట్లు పెద్దగా ఉన్నప్పుడు జల్లెడ పద్ధతిలో అవి ఆగే ప్రశ్నే లేదు. అయినా ఆగుతున్నాయి. ఎందుకంటే ఇసుక పొర నిజానికి ఒక గజిబిజి దారి. నీరు వందల రేణువుల చుట్టూ ఒంపులు తిరుగుతూ పోవాలి. ఆ ఒంపుల్లో బరువైన మట్టి రేణువు కిందికి జారి ఇసుక రేణువు వీపు మీద వాలుతుంది. మరీ సన్నటిది నీటి అణువుల తాకిళ్ళకు అటూఇటూ కదులుతూ ఏదో ఒక రేణువుకు తగిలి అంటుకుంటుంది. చిక్కంతా మధ్యలో ఉన్నదానితో వస్తుంది. ఒక మైక్రాన్ దగ్గరి రేణువు జారిపోయేంత బరువుండదు, కదిలిపోయేంత తేలికా కాదు. ఇసుకకు దొరక్కుండా తప్పించుకోవడంలో అదే ముందుంటుంది. చాలా సూక్ష్మజీవుల కొలత సరిగ్గా అక్కడే ఉండటం మనుషుల దురదృష్టం.

కాబట్టి వడపోతలో రెండు విషయాలు చూడాలి: మురికి రేణువు ఇసుక రేణువును తాకే అవకాశాలు ఎన్ని, తాకాక అంటుకుంటుందా లేదా. మొదటిది పొర లోతునూ, రేణువు కొలతనూ బట్టి ఉంటుంది. ఇంజనీర్లు వాడే ఒక మోటు లెక్క ఉంది. పొర లోతును రేణువు కొలతతో భాగిస్తే కనీసం 1000 రావాలి. 60 సెంటీమీటర్ల లోతున అర మిల్లీమీటరు ఇసుక వేస్తే 1200 వస్తుంది, అది సరిపోతుంది. అదే లోతున ఒక మిల్లీమీటరు ఇసుక వేస్తే 600 మాత్రమే. నీరు ధారగా వస్తుంది గాని దాన్ని నమ్మడానికి లేదు.

రెండోది, అంటుకోవడం, విద్యుదావేశం మీద ఆధారపడుతుంది. మట్టి రేణువులూ, ఇసుకా రెండూ నీటిలో రుణావేశంతో ఉంటాయి, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. పటిక వేస్తే ఆ ఆవేశం అణిగి, మట్టి రేణువులు గుంపుకట్టి దూదిపింజల్లా అవుతాయి. పల్లెల్లో ఇండుపగింజను, కొన్నిచోట్ల చిల్లగింజ అంటారు, రాతి మీద అరగదీసి కుండలో కలిపింది ఈ పనికే. నీటిని తేర్చే గింజగా దాన్ని సుశ్రుత సంహిత కూడా పేర్కొంది.

ధార లెక్క

ఇసుక గుండా నీరు ఎంత వేగంగా పోతుందో మొదట కొలిచి సూత్రంగా చెప్పినవాడు ఫ్రాన్సు ఇంజనీరు హెన్రీ డార్సీ. డిజాన్ నగరానికి మంచినీటి పథకం కట్టిన ఆయన, ఇసుక నింపిన గొట్టాల్లో నీరు పారించి చూసి, 1856లో ఫలితాలు ప్రచురించాడు. నీటి మట్టాల తేడా ఎంత ఎక్కువైతే ధార అంత ఎక్కువ, పొర ఎంత మందమైతే ధార అంత తక్కువ. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. రేణువు కొలత దగ్గరే అసలు సంగతి ఉంది. ఇసుక నీటిని వదిలే గుణం రేణువు కొలతకు వర్గంగా మారుతుంది. రేణువు సగమైతే ధార సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. పదో వంతైతే ధార నూరో వంతుకు పడిపోతుంది.

ఈ ఒక్క సంగతి తెలియకనే చాలా ఫిల్టర్లు పాడవుతాయి. 0.3 మిల్లీమీటరు ఇసుకను 60 సెంటీమీటర్లు పేర్చారనుకుందాం. దాని పైన 0.03 మిల్లీమీటరు ఒండ్రుమట్టి 2 సెంటీమీటర్లు పేరుకుంది. రేణువు పదో వంతు కాబట్టి ఆ 2 సెంటీమీటర్ల మట్టి, ధారను అడ్డుకోవడంలో 2 మీటర్ల ఇసుకతో సమానం. కింద ఎంత శ్రద్ధగా పేర్చినా ఇక లెక్కలోకి రాదు. పొరలు ఒకదాని కింద ఒకటి ఉన్నప్పుడు ధారను నిర్ణయించేది అన్నిటికంటే బిగువైన పొరే. కంకర పొర ఇంకో జానెడు వేసినా ధార తగ్గదు. కడగని ఇసుకలోని దుమ్ము మాత్రం పిడికెడైనా ఫిల్టరును కట్టేస్తుంది. ఏటి ఇసుకను తెచ్చాక గాజు సీసాలో కొంత వేసి, నీళ్ళుపోసి ఊపి, పక్కన పెట్టి చూస్తే చాలు. పైనీరు మడ్డిగా నిలిస్తే ఆ ఇసుకను మళ్ళీ కడగాలి. నాలుగైదు కడుగుళ్ళు మామూలే.

ఇసుక కొలతను ఒక అంకెతో ఎలా చెప్పాలన్న ప్రశ్నకు అమెరికా ఇంజనీరు అలెన్ హేజెన్ 1892లో జవాబు చూపాడు. ఆరబెట్టిన కిలో ఇసుకను వరస జల్లెళ్ళలో జల్లిస్తే, బరువులో పదో వంతు, అంటే 100 గ్రాములు, ఏ కొలత కంటే సన్నగా ఉందో అదే ఆ ఇసుక ప్రభావ పరిమాణం. సగటును పట్టుకోకుండా సన్నటి పదో వంతునే పట్టుకోవడంలో ఆయన చూపు కనబడుతుంది. దొడ్డ రేణువుల సందుల్లో సన్నవి దూరి కూర్చుంటాయి, దారిని బిగించేవి అవే. 600 గ్రాములు ఏ కొలత కంటే సన్నగా ఉన్నాయో చూసి, దాన్ని మొదటి కొలతతో భాగిస్తే వచ్చేది ఏకరూపతా గుణకం. 0.3 మిల్లీమీటరు కంటే సన్నది 100 గ్రాములూ, 0.9 కంటే సన్నది 600 గ్రాములూ ఉంటే గుణకం 3. ఈ గుణకం ఒకటికి ఎంత దగ్గరగా ఉంటే ఇసుక అంత సమంగా ఉన్నట్టు, అంత ఎక్కువ ఖాళీ మిగిలినట్టు. ఏటి నుంచి తెచ్చింది తెచ్చినట్టు పోస్తే ఈ గుణకం పెద్దదిగా ఉండటం సహజం. రెండు జల్లెళ్ళతో, ఒకటి దొడ్డది తీసేయడానికి, ఒకటి దుమ్ము తీసేయడానికి, జల్లించిన ఇసుకకూ జల్లించని ఇసుకకూ మధ్య తేడా మొదటి వారంలోనే తెలిసిపోతుంది.

నిదానపు ఇసుక, వేగపు ఇసుక

ఊళ్ళకు నీటిని వడగట్టే పని రెండు దారుల్లో నడిచింది. మొదటిది నిదానపు ఫిల్టరు. స్కాట్లాండులోని పెయిస్లీలో జాన్ గిబ్ 1804లో తన బట్టల చలువ కార్ఖానా కోసం ఇసుక ఫిల్టరు కట్టి, మిగిలిన నీటిని ఊరికి అమ్మాడు. లండన్ చెల్సీ నీటి సంస్థకు జేమ్స్ సింప్సన్ 1829లో కట్టినది తర్వాత అందరికీ నమూనా అయింది. ఇందులో 0.2 నుంచి 0.3 మిల్లీమీటరు ఇసుక వాడతారు. నీరు గంటకు 10 నుంచి 20 సెంటీమీటర్లు మాత్రమే కిందికి దిగుతుంది. చీమ నడకకన్నా నిదానం. కొన్ని వారాల్లో ఇసుక పైముఖాన పల్చటి జిగురు పొర ఒకటి కడుతుంది. నాచు, సూక్ష్మజీవులు, వాటిని తినే ఇంకొన్ని జీవులు కలిసిన ఆ పొర ప్రాణమున్న పొర. రోగకారక క్రిములను పట్టి తినేసేది ప్రధానంగా అదే. దాని విలువ లోకానికి తెలిసింది 1892 కలరాలో. జర్మనీలో ఎల్బె నది ఒడ్డున హాంబర్గ్, ఆల్టోనా పక్కపక్క ఊళ్ళు. హాంబర్గ్ వడగట్టని నది నీరే తాగింది. 8 వేల మందికి పైగా చనిపోయారు. హాంబర్గ్ మురుగు కలిసిన దిగువ నీటినే తీసుకున్న ఆల్టోనా మాత్రం, ఆ నీటిని ఇసుకలో నిదానంగా వడగట్టుకుని చాలావరకు బయటపడింది.

నిదానపు ఫిల్టరుకు నేల చాలా కావాలి, నీరు మరీ బురదగా ఉండకూడదు. ఎర్రనీటిని పోస్తే ఆ ప్రాణమున్న పొర రెండు రోజుల్లో బురద కింద ఊపిరాడక పోతుంది. తిరుపతి పరిస్థితి ఇక్కడే వేరుగా ఉంటుంది. శేషాచలం కొండల వాగులు వానలేనప్పుడు తేటగా ఉంటాయి. తుపాను వస్తే గంటల్లో ఎర్రగా మారతాయి. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగి, కల్యాణి డ్యాం గేట్లు ఎత్తి, రాయలచెరువు కట్టకు గండి భయం పుట్టిన రోజుల్ని ఈ ప్రాంతం మరిచిపోలేదు. చంద్రగిరి దగ్గరి కల్యాణి జలాశయం, కండలేరు మీదుగా వచ్చే తెలుగుగంగ, తిరుమల మీది గోగర్భం, పాపవినాశనం, ఆకాశగంగ, కుమారధార, పసుపుధార జలాశయాలు, వీటన్నిటిలో ఉండేది నేలమీద పారివచ్చే నీరే. ఊరి జనానికి తోడు రోజూ వచ్చే వేలాదిమంది యాత్రికులకు నీరందాలి. ఇలాంటి చోట రెండో దారి, వేగపు ఫిల్టరు, తప్పదు.

వేగపు ఫిల్టరు అమెరికాలో రూపుదిద్దుకుంది. 1902లో న్యూజెర్సీలోని లిటిల్ ఫాల్స్‌లో జార్జ్ ఫుల్లర్ కట్టినది దాని తొలి పెద్ద రూపం. ఇసుక దొడ్డది, 0.45 నుంచి 0.7 మిల్లీమీటరు. వేగం గంటకు సుమారు 5 మీటర్లు, అంటే నిదానపు ఫిల్టరుకు పాతిక నుంచి యాభై రెట్లు. ఇంత వేగంలో ప్రాణమున్న పొర కట్టదు. అందుకే ముందు పటిక కలిపి, మెల్లగా చిలికి, తొట్టిలో పేరబెట్టి, పైతేటను మాత్రమే ఫిల్టర్ బెడ్ మీదికి వదులుతారు. పటిక సరిగా పడకపోతే వేగపు ఫిల్టరు ఉత్త ఇసుక కుప్ప. తిరుగుధారతో, అంటే అడుగు నుంచి పైకి గంటకు 36 నుంచి 45 మీటర్ల వేగంతో నీరు తోసి, ఇసుకను తేలగొట్టి కడుగుతారు. ఇసుక ఉడుకుతున్న అన్నంలా కుతకుతలాడుతూ పైకి లేస్తుంది, మట్టి కొట్టుకుపోతుంది. కడిగిన వెంటనే కొన్ని నిమిషాలు వచ్చే నీరు కాస్త మడ్డిగా ఉంటుంది, చెలమలో మొదట ఊరిన నీటిలాగే. జాగ్రత్తగా నడిపే ఫిల్టర్ హౌస్‌లో ఆ నీటిని ట్యాంకులోకి పోనివ్వరు.

రెండో పొర ఎందుకు వచ్చింది

తిరుగుధారతో కడగడంలోనే ఒక దోషం దాగి ఉంది. కడిగాక ఇసుక మళ్ళీ కిందికి దిగేటప్పుడు దొడ్డ రేణువులు ముందుగా అడుగుకు చేరతాయి, సన్నవి చివరగా పైన వాలతాయి. నీరు పైనుంచి వస్తుంది కాబట్టి మొదట ఎదురయ్యేది సన్న ఇసుకే. మురికంతా పై నాలుగైదు సెంటీమీటర్లలో ఇరుక్కుని తలుపు మూసేస్తుంది. కింద అరమీటరు ఇసుక పనీపాటా లేకుండా పడి ఉంటుంది. ఉండాల్సిన క్రమానికి ఇది సరిగ్గా తలకిందులు. పైన దొడ్డది, కింద సన్నది ఉంటే, పెద్ద మురికి పైన ఆగి, సన్న మురికి లోతుకు దిగి, పొర మొత్తం పని పంచుకునేది. కాని ఒకే ఇసుకతో ఆ క్రమం పేర్చినా మొదటి కడుగుకే అది చెదిరిపోతుంది.

దీనికి దొరికిన ఉపాయం, పైపొరకు తేలిక పదార్థం వాడటం. ఆంత్రసైట్ బొగ్గు సాంద్రత సుమారు 1.5. ఇసుకది 2.65. నీటిలో దిగే వేగం రేణువు కొలతతోపాటు, నీటికంటే అది ఎంత బరువు అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. లెక్కలో నీటి సాంద్రత ఒకటి తీసేస్తే బొగ్గుకు మిగిలేది 0.5, ఇసుకకు 1.65, అంటే 3.3 రెట్ల తేడా. ఈ సంఖ్యను మూడింట రెండు ఘాతానికి హెచ్చిస్తే 2.2 వస్తుంది. అంటే ఇసుక రేణువుకంటే 2.2 రెట్లు పెద్దదైన బొగ్గు రేణువు, ఇసుకతో సమానమైన వేగంతో దిగుతుంది. అర మిల్లీమీటరు ఇసుక మీద 1.1 మిల్లీమీటరు బొగ్గు వేస్తే, ఎన్నిసార్లు కడిగినా బొగ్గు పైనే, ఇసుక కిందే నిలుస్తాయి, సరిహద్దులో కాస్త కలుస్తాయి. ఆ కలయిక కూడా మంచిదే, సరిహద్దులో మురికి ఒక్కచోట పేరుకోదు. బొగ్గును ఇంకా దొడ్డది చేస్తే అది ఇసుకలోకి దిగబడుతుంది. ఇంకా సన్నది చేస్తే కడుగునీటితో కొట్టుకుపోతుంది.

పైన 60 సెంటీమీటర్ల బొగ్గు, కింద 25 సెంటీమీటర్ల ఇసుక వేశారనుకుందాం. పాత మోటు లెక్క వేస్తే బొగ్గుకు 545, ఇసుకకు 500, మొత్తం వెయ్యి దాటుతుంది. అంటే తేటలో రాజీ లేదు. కాని ఇప్పుడు మురికి లోతంతా పంచుకుంటుంది కాబట్టి వేగాన్ని రెట్టింపు దాకా పెంచుకోవచ్చు, లేదా అదే వేగంలో ఎక్కువ గంటలు నడుపుకోవచ్చు. కొత్త కట్టడం లేకుండా పాత తొట్టిలోనే పై ఇసుక కొంత తీసి బొగ్గు పోస్తే ఊరికి ఎక్కువ నీరు వస్తుంది. ఇసుక కింద ఇంకా బరువైన గార్నెట్‌ను, ఇంకా సన్నటి పొరగా వేసే మూడు పొరల ఫిల్టర్లూ ఉన్నాయి. సాంద్రత 4 దాకా ఉండే గార్నెట్ ఆంధ్ర తీరపు ఇసుకల్లో దొరుకుతుంది.

బొగ్గు దొరకని చోట కొబ్బరిచిప్ప పెంకు పొర బాగా పనిచేస్తుందని మహారాష్ట్రలో రామ్‌టెక్ నీటి పథకం 1970లలోనే చూపింది. పెంకు గట్టిది, నీటిలో కుళ్ళదు, బొగ్గులాగే తేలిక. తిరుమలలో అఖిలాండం దగ్గర రోజూ కొట్టే కొబ్బరికాయలను తలుచుకుంటే, ఈ సంగతి ఇక్కడివాళ్ళకు ఎక్కువ పనికొచ్చేది.

మరి సమతూకం కుదిరిందని ఎలా తెలుస్తుంది? ఫిల్టర్ బెడ్ నడుస్తున్నకొద్దీ రెండు గడియారాలు తిరుగుతుంటాయి. మురికి నిండేకొద్దీ నీటి మట్టాల తేడా పెరుగుతూ పోయి, సుమారు 2 మీటర్లకు చేరితే ఇక ధార నిలవదు. ఇది మొదటి గడియారం. లోపల పట్టుకునే చోటు నిండిపోయి, పట్టుకున్న మురికి ఊడి బయటికి రావడం మొదలైతే రెండోది మోగినట్టు. సన్న ఇసుకలో మొదటిది ముందు మోగుతుంది, నీరు శుభ్రంగానే ఉన్నా ఆపి కడగాలి. దొడ్డ ఇసుకలో రెండోది ముందు మోగుతుంది, ధార బాగున్నా నీరు పనికిరాదు. రెండూ దాదాపు ఒకేసారి మోగేలా రేణువునూ లోతునూ ఎంచుకున్న ఫిల్టరే సరైన ఫిల్టరు. ఎంచుకోవడంలో తప్పు జరక్క తప్పదంటే మొదటి గడియారం ముందు మోగే వైపే తప్పాలి. మూసుకుపోయిన ఫిల్టరు కంటికి కనబడుతుంది, క్రిములు దాటిన ఫిల్టరు కనబడదు.

ఇంటి ఫిల్టరు, బడి ఫిల్టరు

విజ్ఞాన ప్రదర్శనల్లో పిల్లలు ప్లాస్టిక్ సీసాను కోసి, తలకిందులు చేసి, దూది, బొగ్గు, ఇసుక, గులకరాళ్ళు పేర్చి బురదనీటిని తేటచేసి చూపిస్తారు. పాత ఇళ్ళలో మూడు కుండల వరస కూడా ఇదే కోవలోది. నేర్పడానికి రెండూ చక్కటివి. కాని అందులో ఇసుక లోతు నాలుగు వేళ్ళకు మించదు, నీరు నిమిషాల్లో జారిపోతుంది. బురద ఆగుతుంది, క్రిములు ఆగవు. ఆ నీటిని తాగి చూపించే అలవాటు పిల్లల చేత మాన్పించాలి.

నిజంగా పనిచేసే చిన్న ఫిల్టరును 200 లీటర్ల డ్రమ్ములో కట్టవచ్చు. డ్రమ్ము అడ్డం సుమారు 57 సెంటీమీటర్లు, అంటే నీరు దిగే వైశాల్యం పావు చదరపు మీటరు. నిదానపు వేగం గంటకు 20 సెంటీమీటర్లు అనుకుంటే గంటకు 50 లీటర్లు వస్తాయి. బడి నడిచే సమయంలోనే కాకుండా రేయింబవళ్ళు ధారగా నడిపితే, సగం వేగంలోనే రోజుకు 600 లీటర్లు వస్తాయి. తలా 3 లీటర్ల లెక్కన 200 మంది పిల్లలకు చాలు. అడుగున వేలి మందపు దొడ్డ కంకర, దానిపై శనగగింజంత కంకర, దానిపై ఆవగింజంత దొడ్డ ఇసుక, ఒక్కోటి 5 సెంటీమీటర్లు. ఇవి వడగట్టేందుకు వేసినవి కావు. పై ఇసుక గొట్టంలోకి జారకుండా ఆపేందుకు మాత్రమే. ఒక పొర రేణువుకంటే కింది పొర రేణువు నాలుగు రెట్లకు మించి పెద్దదైతే, పై ఇసుక సందుల్లోంచి జారిపోతుంది. వీటి మీద కడిగి జల్లించిన 0.3 మిల్లీమీటరు ఇసుక 50 సెంటీమీటర్లు.

అడుగు నుంచి వచ్చే గొట్టాన్ని బయట పైకి తిప్పి, దాని నోరు ఇసుక మట్టానికంటే 5 సెంటీమీటర్లు ఎత్తున ఉంచాలి. నీరు పోయడం ఆగినా ఇసుక ఎండదు, పైముఖాన ఉన్న ప్రాణమున్న పొర బతికే ఉంటుంది. 1990లలో కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మాంజ్ రూపొందించిన ఇంటి ఇసుక ఫిల్టరు గుట్టంతా ఈ 5 సెంటీమీటర్ల నీటిలోనే ఉంది. శుభ్రమైన ఇసుకలో ఈ నిదానపు వేగానికి కావలసిన మట్టాల తేడా కొద్ది సెంటీమీటర్లే. మిగిలిన ఎత్తంతా పొర బిగుసుకునే రోజులకు నిల్వ. ధార మరీ ఎక్కువగా ఉందనిపిస్తే గొట్టానికి కుళాయి పెట్టి తగ్గించాలి. ధార తగ్గించడానికి ఇసుకలో సన్నది కలపకూడదు, పెంచడానికి దొడ్డది కలపకూడదు. తేటను చూసుకునేది రేణువు, ధారను చూసుకునేది కుళాయి. ధార బాగా తగ్గాక పైముఖపు ఇసుకను ఒక వేలి మందాన తీసి కడిగితే సరిపోతుంది, డ్రమ్ము మొత్తం బోర్లించనక్కర్లేదు. కొత్త ఫిల్టరు మొదటి మూడు వారాలూ, ఇసుక కడిగిన తర్వాత కొన్ని రోజులూ నీటిని కాచి తాగాలి.

ఇసుక పని ఇంతవరకే. వాసన, రంగు, మందుల జాడలు పోవాలంటే కొబ్బరిచిప్పతో చేసిన ఉత్తేజిత బొగ్గు కావాలి. దాని ఒక గ్రాములో సన్న సందుల విస్తీర్ణం వెయ్యి చదరపు మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. బొగ్గు పొరకు ఎప్పుడూ ఇసుక తర్వాతే చోటు, ముందు పెడితే బురద దాని సందుల్ని పూడ్చేస్తుంది. రాయలసీమ గ్రానైటు నేలల్లో బోరు నీటిని పీడించే ఫ్లోరైడు మాత్రం ఇసుకకూ బొగ్గుకూ లొంగదు. అది నీటిలో కరిగి ఉండేది. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీరు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకోవచ్చు. దాన్ని తీయడానికి పటిక, సున్నంతో చేసే నల్గొండ పద్ధతో, ఉత్తేజిత అల్యూమినానో, ఆర్వో పొరో కావాలి. తిరుమల జలప్రసాద కేంద్రాల్లోనూ, ఇళ్ళలోనూ వాడే ఆర్వో యంత్రాల్లో ముందు మట్టి ఆపే గుళిక, తర్వాత బొగ్గు, ఆ తర్వాతే అసలు పొర ఉండేది ఇదే క్రమం కోసం. ఖరీదైన సన్న పొరను కాపాడేది ముందున్న చవక పొరలే. వాటిని వేళకు మార్చని ఇంట్లో ఆర్వో పొర త్వరగా చెడుతుంది.

ఇంకుడుగుంతలో మాత్రం క్రమం మారదు గాని కొలతలు మారతాయి. వాన గంటలో కురిసి పోతుంది, కాబట్టి అక్కడ ధారకే పెద్దపీట. అడుగున బండరాళ్ళు, పైన కంకర, అన్నిటికీ పైన ఒకటిన్నర నుంచి 2 మిల్లీమీటర్ల దొడ్డ ఇసుక. మట్టి ఆ ఇసుక మీదే నిలుస్తుంది, ఏటా వానలకు ముందు గీకి తీసేయవచ్చు. ఇసుక వేయకుండా ఉత్త రాళ్ళు నింపిన గుంతలు రెండు మూడు వానలకే లోపలినుంచి పూడిపోతాయి, వాటిని తోడటం తప్ప దారి ఉండదు.

ఫిల్టరు ఏదైనా చివరన క్లోరిన్ ఉండాలి. కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాము మిగిలి ఉంటేనే గొట్టాల్లో కలిసే క్రిమికి అడ్డుంటుంది. నీటి మడ్డితనం ప్రమాణాల ప్రకారం 1 యూనిట్ లోపుంటే క్లోరిన్ తన పని చేయగలదు, అంతకు మించేకొద్దీ మట్టి రేణువుల చాటున క్రిములు తప్పించుకుంటాయి.

వీటన్నిటికీ ముందున్న ఫిల్టరు ఏరు. వరద వచ్చినప్పుడల్లా దొడ్డదాన్నీ సన్నదాన్నీ వేరుచేసి పేర్చి, కడిగి, ఖర్చు లేకుండా మీటర్ల లోతు పొరలు కట్టింది స్వర్ణముఖి. ఏటి ఇసుక తవ్వకాన్ని అదుపు చేయడానికి 2002 నాటి నీరు, నేల, చెట్టు చట్టం ఉంది. తాగునీటి ఊటబావి ఉన్న ఊరి పంచాయతీ, ఆ బావి చుట్టూ ఇసుకను ముట్టనివ్వకుండా కాపాడుకోవాలి. అడుగు బంకమట్టి దాకా ఇసుక ఎత్తుకుపోయిన చోట ఎంత లోతు తవ్వినా చెలమ ఊరదు.